ముగింపు కోసం ఎదురుచూచిన గ్రంథం

1959 నవంబరు 15న, తెల్లవారక ముందే, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో హోల్కమ్ అనే పల్లెలో హెర్బర్ట్ క్లటర్ అనే రైతు, ఆయన భార్య, కుమార్తె, కుమారుడు స్వగృహంలోనే హతులైనారు. మరునాటి న్యూయార్క్ టైమ్స్‌లో ఆ వార్త చూచి అక్కడకు బయలుదేరిన రచయిత ట్రూమన్ కపోటి. తోడుగా వెళ్ళినది బాల్యమిత్రురాలు హార్పర్ లీ. 1961లో పులిట్జర్ బహుమతి పొందిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలాకర్త్రి. ఈ పరిశోధన కథనే బెన్నెట్ మిల్లర్ 2005లో 'కపోటి' అనే చిత్రంగా తీశారు. దానికి ఆధారం జెరాల్డ్ క్లార్క్ వ్రాసిన జీవితచరిత్ర.

హంతకులు పెర్రీ స్మిత్, రిచర్డ్ హికాక్ త్వరలోనే పట్టుబడ్డారు. 1960లో మరణశిక్ష పడింది. అయితే అప్పీళ్ళతో అయిదేళ్ళు గడిచాయి. చిత్రానికి ప్రాణం ఈ అయిదేళ్ళే. కపోటి చెరసాలకు పోయి స్మిత్‌తో స్నేహం చేస్తాడు, అతని బాల్యదుఃఖాన్ని ఆలకిస్తాడు, గ్రంథం పేరు మాత్రం దాచిపెడతాడు. ఖైదీ బ్రతికి ఉన్నంతకాలం గ్రంథానికి ముగింపు లేదు. మిత్రుని మరణాన్ని కోరుకోవలసిన దుఃస్థితిని ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ ఆ సన్నని గొంతుతో, తడబడే చూపుతో అభినయించి ఉత్తమనటునిగా ఆస్కార్ గెలుచుకున్నారు.

1965 ఏప్రిల్ 14న ఇద్దరికీ ఉరి అమలైంది. 'ఇన్ కోల్డ్ బ్లడ్' ఆ యేడే న్యూయార్కర్ పత్రికలో ధారావాహికగా, 1966లో గ్రంథంగా వెలువడి అఖండకీర్తి తెచ్చింది. 1984లో కన్నుమూసేవరకు కపోటి మరొక నవలను పూర్తి చేయలేదు.

ఇందులో ఒక వైచిత్రి ఉంది. ప్రతి అక్షరమూ సత్యమేనని కపోటి చాటుకున్నాడు. కాని గ్రంథాంతంలోని శ్మశాన సన్నివేశం ఆయన కల్పించినదేనని క్లార్క్ తేల్చారు. అయిదేళ్ళు కాచుకొని సంపాదించిన నిజమైన ముగింపు కూడ ఆయనకు చాలలేదన్నమాట!

క్రౌంచపక్షి మరణం చూచిన వాల్మీకికి శోకమే శ్లోకమైనదని మనవారి మాట. అక్కడ శోకం ముందు, కావ్యం వెనుక. ఇక్కడ కావ్యం ముందే సిద్ధమై మరణం కోసం నిరీక్షించింది. రచయితకు కరుణ లేదని అనలేము. ఉన్న కరుణను గ్రంథానికి ఖర్చు చేసుకున్నాడు.

చిత్రం ముగిశాక మనస్సులో మిగిలేవారు రచయిత, హంతకుడు. ఆ నలుగురు మృతులు మాత్రం వెనుకకు జరిగిపోతారు. మిత్రులారా, చిత్రం చూచేటప్పుడు వారినీ ఒక్కమారు తలచుకోండి.