సన్మానఖడ్గము

శూరునకు ఖడ్గ మిచ్చి సన్మానించుట రాజులలోకమున బహుకాలముగ నున్న యాచారము. ఆ కత్తి పోరునకుఁ గాదు. పోరునఁ జూపిన ధైర్యమునకు గుఱుతు. దాని నెవ్వరి కిచ్చిరి, దేనిని జూచి యిచ్చిరి యని విచారించితిమేని, ఇచ్చిన సంఘముయొక్క మనస్సు మనకు బోధపడును.

1803వ సంవత్సరమున లండనునందలి లాయిడ్సు వర్తకులు దేశభక్తనిధిని స్థాపించి, ఫ్రాన్సుతోడి యుద్ధమునఁ బరాక్రమించిన యధికారులకు ఖడ్గములు బహూకరించిరి. అలుగుపై గ్రహీత పేరును, ఆతఁడు చేసిన కార్యమును జెక్కించెడివారు. ఆ ఖడ్గములు 100, 50, 30 పౌనుల వెలలవి. శౌర్య మొక్కటియే యైనను, కత్తి వెల మాత్రము పదవిని బట్టియే యుండెను.

ఇఁక మన సీమవంకఁ జూతము. ఈపూరు ప్రాంతమువారికి కారెంపూడి దూరదేశము కాదు. పండ్రెండవ శతాబ్దమున మాచెర్ల, గురజాల పక్షములు పోరాడిన దచ్చటనే. శ్రీనాథుని పేరఁ బరఁగుచున్న పల్నాటి వీరచరిత్రమును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ముద్రింపించిరి. అచ్చునకు ముందే వీరవిద్యావంతు లా కథను ఊరూరఁ బాడి నిలిపిరి. ఆ గాథయందు మాచెర్ల మంత్రి బ్రహ్మనాయుఁడు మాలకులమునఁ బుట్టిన కన్నమదాసును గొడుకుగాఁ జేకొని సేనానాయకత్వ మొసఁగెను. పుట్టుకను జూడక యోగ్యతను జూచి చేతికిచ్చిన యాయుధమున కెన్ని పౌనుల వెల కట్టుదుము? లండనునఁ బదవిని బట్టి కత్తి వచ్చెను. పల్నాటఁ గత్తిపట్టు నేర్పును బట్టి పదవి వచ్చెను.

నేఁటికిని కార్తికమాసాంతమునఁ గారెంపూడిలో వీరారాధన మైదు దినములు జరుగును. వీరుల యాయుధములను దూరగ్రామములనుండి మోసికొనివచ్చి, నాగులేటఁ గడిగి పూజింతురు. అన్ని కులములవారు నొక్క పంక్తిని గుడుచు చాపకూడును జరుగును. ఇది మెచ్చఁదగినదే. కాని యాపంక్తి లేచిన మఱునాఁడు మన యిండ్లలో నేమి జరుగుచున్నది? పని చేసినవానికి వేఱు గ్లాసు పెట్టెడు చేతులే ముందునాఁ డాయుధములకుఁ బసుపు పూసినచో, ఆ పూజ యెవరికి ముట్టును?

ఉక్కు తుప్పు పట్టును. కడిగినఁ దుప్పు పోవును. మనసులోని తుప్పును గడుగుటకు నాగులేటి నీరు చాలదు. బ్రహ్మనాయుఁ డిచ్చిన గౌరవమును మనము తిరిగి మన గడపలోన నిచ్చిననాఁడే యా యాయుధములకు మనము సేసిన పూజ సార్థక మగును.