మంత్రకూటం గుండరాజు: శత్రువు కొలువు రాసిన చరిత్ర

మంథని పాత పేరు మంత్రకూటం. ఆ మంత్రకూటాన్ని ఏలిన గుండరాజు సంగతి మనకు చెప్పినవాడు అతని పక్షం మనిషి కాదు, అతన్ని ఓడించిన కాకతీయ వంశం తరఫున రాసిన అచింతేంద్రుడు. ఇతను రామేశ్వర దీక్షితుల కొడుకు. రుద్రదేవుడు 1163 జనవరిలో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుణ్ణి, వాసుదేవుణ్ణి, సూర్యుణ్ణి ప్రతిష్ఠించి వేయించిన సంస్కృత శాసనం ఇతని రచనే. సాహిత్య చరిత్రల్లో ఇతని పేరు ఎక్కడో ఒక మూల కనిపిస్తుంది. పొగడ్తల కవి అని పక్కన పెట్టేశారు గాని, కాకతీయుల తొలి చరిత్రకారుల్లో ఇతన్ని ఒకడిగా లెక్కించాలని నా వాదం.

పొగడడానికి కూర్చున్నవాడు నిజం చెబుతాడా అన్నది మొదటి ఆక్షేపణ. న్యాయమైనదే. అయితే అచింతేంద్రుణ్ణి నమ్మాల్సింది అతని పొగడ్తల్లో కాదు, నిందల్లో. చాళుక్య మూడో తైలపుడు రుద్రదేవుని భయంతో అతిసారం పట్టి చనిపోయాడంటాడు. భయం కవి కల్పన కావచ్చు. తైలపుడి మరణం మాత్రం కల్పన కాదు, ఆ రోజుల్లోనే జరిగింది. కారణాన్ని పెంచగలిగాడు గాని, లేని చావును తేలేకపోయాడు. గుడి ముందు నిలబడి ఆ పద్యాలు విన్నవాళ్లలో ఆ యుద్ధాలు చూసినవాళ్లు బతికే ఉన్నారు మరి. గుండరాజు విషయంలోనూ ఇదే కొలత పెట్టి చూడాలి. అతన్ని క్రూరుడంటాడు. రుద్రదేవుని తండ్రి రెండో ప్రోలరాజు అతని తల గొరిగించి, రొమ్ము మీద వరాహ ముద్ర వేయించాడంటాడు. వరాహం కాకతీయుల రాజముద్ర. ఊరూపేరూ లేని పాలెగాడికి ఇంత తతంగం అక్కర్లేదు. నలుగురిలో తల గొరిగించి, ఒంటి మీద తమ గుర్తు వేసి చూపాల్సి వచ్చిందంటే, మంత్రకూటం వాళ్లకు ఎంత అడ్డుపడి ఉండాలి!

దేవుడి ప్రతిష్ఠ కోసం, ఊరు దానమిచ్చినందుకు రాసిన శాసనం చరిత్ర ఎలా అవుతుందని ఇంకొందరంటారు. మధ్యయుగాల ఆర్మేనియాలో సువార్తలకు నకలు రాసిన సన్యాసులు పుస్తకం చివర అప్పటి రాజుల పేర్లు, దండయాత్రలు, కరువులు రాసి పెట్టేవారు. ఆ దేశపు చరిత్రకారులకు ఈనాటికీ అవి ముఖ్యమైన ఆధారాలు. పుణ్యకార్యానికి కాలం, కర్త చెప్పక తప్పదు. అక్కడ వాళ్లను, ఇక్కడ అచింతేంద్రుణ్ణి చరిత్రలోకి దింపింది ఆ అవసరమే.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వేరే ఉంది: మంత్రకూటమనే పేరు కోస్తా వైపు ఊరికీ ఉందని, గుండరాజు అక్కడివాడని వాదించినవాళ్లున్నారు. పేరొక్కటే చూస్తే ఆ వాదాన్ని తోసిపుచ్చలేం. కానీ ప్రోలరాజు కాలానికి కాకతీయుల బలం హనుమకొండ చుట్టూనే ఉంది. వాళ్లకు ఉత్తరాన పొలవాస నాయకులు గట్టిగా నిలిచి ఉన్నారు. వాళ్లలో ఒకడైన మేడరాజు పేరు 1117 నాటి పద్మాక్షి గుట్ట శాసనంలోనే కనిపిస్తుంది. పొలవాస అంటే జగిత్యాల దగ్గరి పొలాస. మేడరాజుతో పోరు రుద్రదేవుని కాలం దాకా తెగలేదు. గోదావరి దాకా పట్టు సంపాదించాలనుకున్న ప్రోలరాజుకు, ఆ ఒడ్డునే ఉన్న మంథనిలో ఎదిరించిన రాజును లొంగదీయడం ముందు పని. అందుకే అచింతేంద్రుడి గుండరాజు ఈ గోదావరి ఒడ్డువాడేననే నేను నమ్ముతున్నాను.