మణికట్టు ఎముకలు

కందికట్టె ఇంకో రెండు పుల్లలు మంటలోకి తోయండి. అనపకాయలు ఒలిచేది ఆపొద్దండి, చేతులు ఆడతా ఉండాల, చెవులు మాత్రం ఇటు పెట్టండి. పాపా, నువ్వు నా పక్కకు రా. నువ్వు ఇష్టపడిన బెంగుళూరు పిల్లోడు ఏమన్నాడో మీ అమ్మ నాకు చెప్పిందిలే. "నాకంటే నీకు ఆ పుస్తకాలే ఎక్కువ" అన్నాడంట కదా. మీ అమ్మ దానికి కుమిలిపోతా ఉంది. నేను కుమిలేది లేదు. మా కాలంలోనూ ఈ మాట ఉండె. మీకు ఫోను, మాకు ఇన్లాండు కవరు, అంతే.

మీ తాత డాక్టరు చదివేదానికి పోయింది 1964లో. అప్పుడు అనంతపురం జిల్లాలో మెడికల్ కాలేజీ యాడుంది? నువ్వు చదివే అనంతపురం కాలేజీ 2000లో వచ్చింది. మన సీమ పిల్లోళ్లకు ఉండేవి రెండే. కర్నూలుది 1956లో పెట్టినారు, తిరుపతి వెంకటేశ్వరా కాలేజీ 1960లో. తాతకు కర్నూల్లో సీటొచ్చె. ఇక్కడి నుంచి పెనుకొండకు పోయి మీటర్‌గేజి బండెక్కితే గుంతకల్లు, ఆడ దిగి డోను, డోన్లో మళ్లా బండి మారితే కర్నూలు. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, మా అత్త కట్టిచ్చిన ఊరిబిండి డబ్బా. ఊరు ఊరంతా బస్సు దాకా వచ్చె.

ఆయన నాకు మేనత్త కొడుకు. పుట్టినప్పుడే అనుకున్న సంబంధం. అయినా బావతో నిలబడి మాట్లాడింది లేదు. ఆయన నడవలోకి వస్తే నేను వంటింట్లోకి పోతా ఉంటి. మాకు మాటలు కలిసింది ఎట్లనో తెలుసా? ఎముకలతో.

మొదటి ఏడు దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఒక గోనెసంచి తెచ్చినాడు. అప్పుడు ఫస్ట్ ఎంబీబీఎస్ ఏడాదిన్నర ఉండె, అనాటమీ, ఫిజియాలజీ తలకాయ తినేస్తాండె. సంచిలో మనిషి ఎముకల సెట్టు. మా అత్త చూసి కేకపెట్టె, ఇంట్లోకి తెస్తే నేను బయటికి పోతా అనె. దాన్ని పశువుల కొట్టంలో అటక మీద పెట్టినారు. చదివేదీ ఆడనే. ఒకనాడు నేను మజ్జిగ ఇచ్చేదానికి పోతే, పుస్తకం నా చేతికిచ్చి, "నువ్వు అడుగు, నేను చెప్తా, తప్పు పోతే ఆపు" అన్నాడు. నా ఎస్సెల్సీ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే పాటిది. కూడబలుక్కోనే అడిగితిని. మణికట్టులో ఎనిమిది ఎముకలు పాపా, నాకు ఇప్పటికీ వచ్చు: స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్, ట్రెపీజియం, ట్రెపిజాయిడ్, క్యాపిటేట్, హామేట్. చూడు, నీకు నవ్వొస్తా ఉంది, నువ్వు వాటికి పాట కట్టుకోని చదివినావు కదా. నేను పాట లేకుండానే నేర్చితి. పిసిఫార్మ్ అంటే ఏందని అడిగితే, బావ నా చెయ్యి పట్టుకోని, చిటికెనవేలు పక్కన మణికట్టు మడత కాడ వేలు పెట్టి ఒత్తినాడు. బఠాణీ గింజంత ఎముక, చర్మం కింద అట్లా ఇట్లా కదులుతుంది. ఇదే అన్నాడు. ఆయన నా చెయ్యి పట్టుకున్నది అదే మొదలు. పెండ్లిలో పట్టుకున్నది నాకు అంత జ్ఞాపకం లేదు.

ఇంక ఉత్తరాలు. ఇంటికి ఏ కాగితమొచ్చినా మా నాయన చదివినాకే నా చేతికి వచ్చేది. కార్డుముక్క అయితే పోస్టాఫీసులోనే సగం మంది చదివేస్తారు. అందుకని బావ కార్డు చివర్లో "పిసిఫార్మ్ ఎట్లుంది?" అని ఒక మాట రాసేటోడు. మా నాయన అదేదో మందు పేరనుకున్నాడు. నాకు ఆ ఒక్క మాట నెల దినాలకు సరిపోతాండె.

ఇదంతా తీపి. చేదు కూడా వినండి.

ఫస్ట్ ఎంబీబీఎస్ పరీక్షలో అనాటమీ పోయె. ఇంట్లో అందరూ ఏమన్నారు? "ఈ పిల్ల మీద ధ్యాసతోనే పోయింది." మా అత్త ఉత్తరాలు మాన్పించె, పెండ్లి వెనక్కి జరిపిరి. నేను నోరెత్తలేదు, ఆడపిల్ల నోరెత్తే కాలమా అది? అప్పుడు బావ వాళ్లమ్మకు రాసిన జాబు నేను చదివినా. "అమ్మా, నేను తప్పింది భుజం కాడ నరాల అల్లికలో. బ్రాకియల్ ప్లెక్సస్ అంటారు దాన్ని. అది నేను సరిగ్గా చదవలేదు. ఆ పిల్లకు దీంతో సంబంధం లేదు" అని. ఆరునెలల తర్వాత సప్లిమెంటరీ రాసి గట్టెక్కినాడు. పాపా, ఒక మనిషి మంచోడా కాదా అని నేను వాని మార్కుల్లో చూడను. తప్పినప్పుడు ఆ తప్పు ఎవరి మీద వేస్తాడో అక్కడ చూస్తా. మీ ఇద్దరికీ నేను చెప్పదలిచింది దీన్లోనే ఉంది. నీ మార్కులు తగ్గితే ఆ పిల్లోని మీద వేయొద్దు. మీ మధ్య మాట తగ్గితే చదువు మీద వేయొద్దు.

సప్లిమెంటరీ అయినాక ఉత్తరాలు మళ్లా నడిచె, అప్పుడు బావ ఒక పని మొదలుపెట్టినాడు. టర్ము మొదట్లోనే ఒక తెల్లకాగితం పంపుతాడు. ఎడమ పక్క తేదీలు, కుడి పక్క ఏ పని. ఫలానా తేదీ నుంచి సర్జరీ వార్డు, ఫలానా తేదీ నుంచి కాన్పుల పోస్టింగు, రాత్రిళ్లు ఆస్పత్రిలోనే ఉంటాను. ఈ మూడు వారాలు పరీక్షలు, ఉత్తరం రాయను. ఈ తేదీన రాస్తాను. ఆ కాగితాన్ని నేను దేవుని పటం కింద మేకుకు తగిలించి పెట్టుకున్నా. రాయనన్న వారాలు రాకపోతే నాకు బాధ లేదు. రాస్తానన్న తేదీకి మాత్రం రాసినాడు, ఒక్క వాక్యమైనా. ఎదురుచూసేటోళ్లను చంపేది దూరం కాదు పాపా, ఎప్పటిదాకా అనేది తెలియకపోవడం. మీ పిల్లోడు రాత్రి పదకొండుకు ఫోను చేస్తాడు, నువ్వు వార్డులో ఉంటావు. ఎత్తకపోతే ఆ బెంగుళూరు రూములో కూర్చోని వాడేమనుకుంటాడు? నీకు ఎప్పుడు డ్యూటీయో వానికి ఎవరు చెప్పినారు?

ఇక్కడ యల్లాప్రగడ సుబ్బారావు గారి మాట చెప్పాల. మీ తాత ఆయన పేరెత్తితే చేతులు జోడించేటోడు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినాడు. పెండ్లి 1919లో, చదువుకునేటప్పుడే. పిల్ల పేరు శేషగిరి. చదువుకు మామగారే సాయం చేసినారు. ఖద్దరు కట్టి ఇంగ్లీషు సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్ దక్కక, దానికంటే చిన్న పట్టా ఎల్‌ఎంఎస్ తోనే బయటికొచ్చినాడు. అన్నా తమ్ముడూ కొన్ని దినాల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయినారు. 1922లో, భార్య కడుపుతో ఉండంగా, మూడేండ్లలో వస్తానని చెప్పి అమెరికా ఓడెక్కినాడంట. హార్వర్డులో చేరి, పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మూత్రం గిన్నెలు ఎత్తినాడు. తర్వాత ఆయన చేతుల మీదుగా వచ్చినవి చూడండి: రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి, బోదకాలుకు హెట్రజాన్, డాక్టర్లు గర్భిణీలకు రాసే ఫోలిక్ యాసిడ్. స్ప్రూకు పనికొచ్చింది ఆ ఫోలిక్ యాసిడే. అన్నదమ్ముల్ని తిన్న జబ్బుకు ఆయన మందు తయారుచేసినాడు. 1948లో ఆడనే చనిపోయినాడు. తిరిగి రాలేదు.

మీ తాత కథను అక్కడికి ఆపేసేటోడు. నేను ఆపను. శేషగిరమ్మ ఇక్కడ ఉండిపోయింది. కడుపులో ఉన్న బిడ్డ పుట్టి పసితనంలోనే పోయినాడు, తండ్రి చూడనే లేదు. మూడేండ్లన్నది ఇరవై ఆరేండ్లు అయ్యె. లోకానికి అంత మేలు చేసిన మనిషిని నేను తప్పు పట్టేదాన్ని కాదు. కానీ ఆ తల్లి లెక్కను ఎవరు రాస్తారు? పుస్తకాల్లో ఆమెకు రెండు వాక్యాలు. నేను ఆ రెండు వాక్యాలు చదివినప్పుడే టీచరు ట్రైనింగుకు పోతానని మా నాయన కాడ పట్టుబట్టితి. ఉత్తరం కోసరం వాకిట్లో కూర్చునేదానికి, పలకల సంచి ఎత్తుకోని బడికి పోతా ఎదురుచూసేదానికి చానా తేడా ఉంది. నాకు బడి ఉండె కాబట్టే బావ రాయని వారాలు నాకు బరువు కాలేదు.

పెండ్లి అయినాక హౌస్ సర్జన్ ఏడాది కర్నూల్లో బుధవారపేట కాడ ఒక గదిలో కాపురం పెట్టితిమి. పేరుకే కాపురం. క్యాజువాలిటీలో డ్యూటీ పడితే పొద్దున పోయినోడు మరుసటినాడు సాయంత్రం వచ్చేటోడు. క్యారియరు తీసుకోని పెద్దాసుపత్రికి పోతే, వరండాలో బెంచీ మీద కూర్చోని నాలుగు ముద్దలు తినే లోపల పిలుపొచ్చేది. నేను ఆడనే కూర్చోని బడిపిల్లోళ్ల నోటుబుక్కులు దిద్దుకుంటా ఉంటి. ఒక్కోసారి మేము మాట్లాడుకున్నది ఏమీ ఉండదు. అయినా అది నాకు మంచి కాలం.

చెప్పాల్సింది ముందే చెప్పిన ఒకామె మాట కూడా వినండి. ముత్తులక్ష్మీ రెడ్డి గారని ఉండె, పుదుక్కోట్టైలో పుట్టిన ఆమె. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరయి బయటికొచ్చె. 1914లో డాక్టరు సుందర రెడ్డిని చేసుకునేముందే చెప్పింది: నన్ను సమానంగా చూడాల, నా పనికి అడ్డు రాకూడదు అని. ఆ కాలంలో! ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత ఆమె మద్రాసు శాసనమండలిలో కూర్చుంది, అడయారులో క్యాన్సరు ఆస్పత్రి పెట్టించింది. నీకు ఇంకా హౌస్ సర్జన్ ఉంది, పీజీ ఎంట్రెన్సు ఉంది, సీటొస్తే మూడేండ్లు. ఎంత లేదన్నా ఆరేడేండ్ల దారి. ఇదంతా ఆ పిల్లోనికి ఒక్కసారైనా కూర్చోబెట్టి చెప్పినావా, లేక దినానికొక ముక్క చెప్పి దినానికొకసారి కొట్లాడతా ఉన్నావా?

ఈ రాత్రికే ఒక కాగితం తీసుకో. నీ పోస్టింగులు, ఇంటర్నల్స్, సెలవులు అన్నీ తేదీలతో రాసి వానికి పంపు. ఏ దినాల్లో ఉండవో రాయి, ఏ దినాన ఎంతసేపు ఉంటావో కూడా రాయి. వాని దినాలు కూడా అడుగు, వానికీ ఉద్యోగం ఉంది, వానికీ అలుపుంటుంది. పరీక్షలు అయినాక వచ్చే ఆదివారం వాణ్ణి మన ఊరు రొద్దానికి రమ్మను. హిందూపురం దాకా రైలు, ఆడ నుంచి బస్సు. మీ నాయనతో నేను మాట్లాడతాలే. వస్తే సంగటి పెట్టి, నీ మెడిసిన్ పుస్తకం వాని చేతికిచ్చి, మా పిల్లను ప్రశ్నలు అడుగు నాయనా అంటా. ఎంతసేపు ఓపికగా అడుగుతాడో నేను పక్కనే కూర్చోని చూస్తా.