సంక్రాంతి రోజుల్లో మనసు ఆరోగ్యం: గుంటూరు, ప్రకాశం పత్తి–మిర్చి పల్లెలు

డిసెంబరు చివరి వారంలో క్రిస్మస్‌తో మొదలై జనవరి మధ్యలో కనుమతో ముగిసే పండగ రోజుల్లో, ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి పల్లెల్లో కనిపించే దిగులు, ఆందోళన, ఒంటరితనం గురించీ, వాటిని తట్టుకునే దారుల గురించీ చెప్పేది ఈ వ్యాసం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో ఈ పల్లెలు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లోకి చేరాయి.

చలి దేశాల్లో శీతాకాలపు దిగులుకు పగటి వెలుతురు తగ్గడం ఒక ముఖ్య కారణం. 1984లో అమెరికా మనోవైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం దీన్ని ఒక రుగ్మతగా వర్ణించింది. గుంటూరులో డిసెంబరు నెలలో కూడా పగలు పదకొండు గంటలకు పైనే ఉంటుంది కాబట్టి ఇక్కడి దిగులుకు మూలం చీకటి కాదు. పంట లెక్క తేలే రోజులూ, అల్లుళ్లూ ఆడపడుచులూ ఇంటికి వచ్చే రోజులూ ఒక్కటే కావడం ఇక్కడి చిక్కు.

పండగ, పంట లెక్క

సంక్రాంతి నాటికి పత్తి తీతలు చివరికి వస్తాయి. మిర్చి మొదటి కోత అప్పుడప్పుడే కల్లానికి చేరుతుంది. ఎరువుల కొట్టు బాకీ, కమీషన్ కొట్లో తెచ్చిన పెట్టుబడి, వాటి మీద వడ్డీ అన్నీ ఈ పది పదిహేను రోజుల్లోనే నెత్తిన కూర్చుంటాయి. పండగకు మిర్చి యార్డుకు సెలవులు. కాయ కల్లంలో ఎర్రగా పరిచి ఉన్నా డబ్బు చేతికి రాదు. కొత్త అల్లుడికి బట్టలు, కూతురికి చీర, పిల్లలకు అరిసెలు మాత్రం ఆగవు. కౌలు రైతుకు మరీ కష్టం. పంట పోయినా కౌలు కట్టాల్సిందే, బ్యాంకు అప్పు దొరకడం అరుదు.

ఈ నేలకు ఇది కొత్త గాయం కాదు. 1980లలో తెల్లదోమ, ఆ వెంటే 1987–88లో మందులకు లొంగని శనగపచ్చ పురుగు పత్తిని తుడిచిపెట్టాయి. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చింది అప్పుడే. వరంగల్ పత్తి రైతుల విషాదం పదేళ్ల తర్వాతిది. 2017లో మిర్చి ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొనుగోలు ప్రకటించాల్సి వచ్చింది. 2021 చివర్లో కొత్త రకం తామర పురుగు పూతను తినేసింది. ఎన్ని మందులు కొట్టినా ఆగక, చాలామంది తోటలు పీకేశారు. ఆ వెంటే వచ్చిన సంక్రాంతి ఆ అప్పుల నడుమే గడిచింది.

పంట పోయిన బాధ కంటే, పోయిందని బంధువుల ముందు తేలిపోతుందన్న బాధ మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని ఈ రచయిత అభిప్రాయం. అందుకే భోగికి ముందే భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసుకోవడం మంచిది. ‘ఈ ఏడు పెట్టుపోతలు తగ్గించాం, ఏమీ అనుకోకండి బావగారూ’ అని వియ్యంకుడికి ముందే ఫోను చేసి చెబితే సగం బరువు దిగుతుంది.

లోటున్న ఇళ్లు

ఏడాదిలోపు మనిషి పోయిన ఇంట్లో పండగ చేసుకోరు. చుట్టాలు కూడా ఆ ఇంటి గడప తొక్కడానికి జంకుతారు. ఊరంతా భోగి మంటల దగ్గర ఉన్నప్పుడు ఆ ఇల్లు ఒంటరిదవుతుంది. అయితే దుఃఖాన్ని బయటపెట్టే దారి కూడా మన ఆచారంలోనే ఉంది. సంక్రాంతి పెద్దల పండగ. పోయినవారి ఫొటో ముందు కొత్త పంచో చీరో పెట్టి, వారికి ఇష్టమైన వంట వండి, వారి పేరు పెట్టి మాట్లాడుకుని, ఆ తర్వాత అందరూ తింటారు. ఏడుపు వస్తే ఎవరూ ఆపరు. కనుమ నాడు కాకి కూడా కదలదన్న సామెత కూడా మేలే చేస్తుంది, వచ్చినవాళ్లు ఇంకో రోజు ఉండిపోతారు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మాత్రం, సంక్రాంతికి అక్కడ సెలవు ఉండదు కాబట్టి, వీడియో కాల్‌తో సరిపెట్టుకోవాలి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిర్చి కోతల సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, వచ్చే కుటుంబాలు చేల గట్ల మీద గుడిసెల్లో బతుకుతాయి. వారి ముసలివాళ్లు సొంతూళ్లో ఒంటరిగా మిగులుతారు. ఈ రెండో ఒంటరితనం గురించి రాసేవారు తక్కువ.

క్రైస్తవ కుటుంబాలకు ఒంటరితనంలో చర్చి ఒక ఆసరా. గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ 1842లో వచ్చారు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ 1876–78 కరువు రోజుల్లో విస్తరించింది. ఆ వారసత్వంగా ఎన్నో పల్లెల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన, క్రిస్మస్ విందు మనుషుల్ని ఒకచోట చేరుస్తాయి. పాస్టర్ గారితో కష్టం చెప్పుకోవడం అక్కడ మామూలు విషయమే.

గుర్తులు, సాయం

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, తాగుడు పెరగడం, బంధువులొస్తే చేలోకి వెళ్లిపోవడం, ‘నేను లేకపోతే మీకు బాగుంటుంది’ అనడం గమనించాల్సిన గుర్తులు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

పురుగు మందు డబ్బాలు ఇంటి వసారాలో, మంచం కింద ఉండడం ఇక్కడ అలవాటు. వాటిని తాళం వేసి దూరంగా ఉంచితే ప్రాణాలు నిలవవచ్చు. ఆవేశం గడిచేదాకా చేతికి అందకపోవడమే ఇందులో కీలకం. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర మనోవైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ బృందం రైతుల మందు డబ్బాలన్నీ ఒకేచోట తాళాల అరల్లో పెట్టించి చూసింది. 2013లో వెలువడిన ఫలితాలు ఆశ కలిగించాయి. పల్నాడులో ప్రతి పంచాయతీ ఈ పని చేయవచ్చు.

పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆలస్యం చేయకూడదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలంటుంది, వారికి వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. గుంటూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద తెలుగులోనే, ఉచితంగా, పండగ పూట అర్ధరాత్రి అయినా ఫోను చేయవచ్చు.