గోడమీది పెండ్లి పటము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదేని చరిత్ర విషయమును వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ బీరువాలలోని భారత భాగవతములను చదివి నాలుగు ముక్కలు నేర్చినవాడను. రాజుల చరిత్ర వ్రాయుటకు పండితులు కలరు. కావున ఇంటింటి గోడమీద నుండియు, ఎవ్వరును చరిత్రగా నెంచని పెండ్లి పటమును గూర్చి వ్రాయ సాహసించుచున్నాను.

వివాహమును చిత్రించి పదుగురికి చూపవలెనను కోరిక క్రొత్తది కాదు. లేపాక్షి వీరభద్రస్వామి ఆలయమున, పదునాఱవ శతాబ్దమున విజయనగర ప్రభువుల కాలములో, మండపపు పైకప్పున పార్వతీ పరమేశ్వరుల కల్యాణమును వర్ణచిత్రముగా లిఖించిరి. స్వామి దర్శనమునకు వచ్చిన రైతైనను, రాజైనను తలయెత్తి చూడవచ్చును. కాని అది దేవతల పెండ్లి. సామాన్య గృహస్థుని పెండ్లికి చూచినవారి జ్ఞాపకమే పటము. వారితోడనే అదియు కాటికి పోయెడిది.

1839వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు డాగెర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానము లోకమునకు వెల్లడి యయ్యెను. వెండిపూత గల రాగి పలకమీద బొమ్మ అచ్చుపడెడిది. అద్భుతమే, కాని ఆ పలక ఒక్కటియే. దానికి ప్రతి లేదు. 1840లో జరిగిన ఇంగ్లండు రాణి విక్టోరియా వివాహమునకు సైతము చిత్రకారుడు కుంచెతో వ్రాసిన పటమే కాని ఛాయాచిత్రము లేదు. 1841లో ఆంగ్లేయుడు టాల్బట్ తన పద్ధతికి హక్కు పత్రము పొందెను. అందు మొదట తెలుపు నలుపులు తారుమారైన కాగితము, అనగా నెగెటివు, తయారగును. దానినుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. చదువరులు ఈ సంగతిని గమనింపవలెను. పటమును బంధువులకు పంచిపెట్టుట అను ఆచారమునకు మూలము ఇక్కడ నున్నది.

1854లో పారిస్ నగరమున డిస్డేరి అనునతడు ఒకే పలకమీద పెక్కు చిన్న బొమ్మలు తీయు ఉపాయమునకు హక్కు పొందెను. వెల తగ్గెను. చేతిలో నిముడు ఆ అట్టబొమ్మలను బంధుమిత్రులు ఒకరికొకరు ఇచ్చుకొనిరి. వానిని దాచుటకే ఆల్బములు పుట్టినవి.

మన దేశమునకు ఈ విద్య త్వరలోనే వచ్చినది. 1856లో మద్రాసున ఛాయాగ్రాహకుల సంఘ మేర్పడెను. ఆఱవ నిజాము కాలమున రాజా దీనదయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పెను. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గనుక, 1892లో హైదరాబాదున వారికై ప్రత్యేకముగా స్త్రీ నిర్వహణలో ఒక స్టూడియో తెఱచెను. ఎవరి రూపము ఎవరు చూడవచ్చును అను ప్రశ్న ఆనాడే కలదు.

మన పల్లెలకు వచ్చుసరికి వధూవరులు బండి కట్టుకొని పట్నపు స్టూడియోకు పోయెడివారు. కుర్చీలలో బిగుసుకొని కూర్చుండి తీయించుకొన్న ఒక్క పటమును నల్లచెక్క చట్రములో బిగించి, గుమ్మముపైన కొంచెము ముందునకు వంచి వ్రేలాడదీసెడివారు. వచ్చినవారందఱు తలయెత్తి చూచుటకే ఆ వంపు. తరువాత నల్లని పుటల ఆల్బములు, పుటకు పుటకు నడుమ పలుచని కాగితము, ఆపై రంగుల ఫోటోలు, వీడియోలు వచ్చినవి. నేడు ఒక్క పెండ్లికి వేలకొలది బొమ్మలు సెల్‌ఫోనులో నుండును. ఫోను పాడైన నాడు మఱొకచోట దాచినవి తప్ప తక్కినవి దక్కవు.

ఇక మా యింటి సంగతి. మా తాతగారి వివాహము 1938లో జరిగినది. నాయనమ్మగారి అన్నగారు ఖరగ్‌పూర్ రైలు కర్మాగారములో పనివారు. సెలవు దొరకక పెండ్లికి రాలేకపోయిరి. తాతగారు ఆయన కొఱకై పటమునకు రెండవ ప్రతి తీయించిరి. ఇంటి పెద్దలు అది డబ్బు దండుగ యని గొణిగిరట. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా ఇంటి గోడ, గోడతో పటము పోయినవి. నాకప్పు డెనిమిదేండ్లు. దాదాపు ఇరువదేండ్లకు ఖరగ్‌పూర్ నుండి మా బాబాయిగారు ఒక శుభకార్యమునకు వచ్చుచు ఆ రెండవ ప్రతిని పెట్టె అడుగునుండి తీసి తెచ్చిరి.

అట్ట వెనుక తాతగారి చేతివ్రాతతో ఎడమనుండి కుడికి అందఱి పేర్లు గలవు. అందొక చిన్న పిల్ల. ఆమె తాతగారి కడగొట్టు చెల్లెలు. మఱుసటి యేడే జ్వరముతో పోయినదని మా మేనత్తగారు చెప్పువఱకు మాలో నొక్కరికిని తెలియదు. ఆమె పేరు మఱియే కాగితము మీదను లేదు. లెక్కలో దండుగ పద్దుగా కనబడిన రెండవ ప్రతియే ఆమెను నిలిపినది. గత సంవత్సరము పుట్టిన మా మనుమరాలికి ఆ పేరే పెట్టుకొంటిమి.

దీనినిబట్టి నాకు తోచినది విన్నవించెదను. దాచిన పటము కంటె పంచిన పటము బ్రదుకును. పేర్లు వ్రాయని పటము సర్వే నంబరు లేని పొలము వంటిది, రెండు తరములలో అన్యాక్రాంతమగును. కావున పటము వెనుక పెన్సిలుతో మెల్లగా పేర్లు, వరుసలు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. సెల్‌ఫోనులోని వేయింటిలో పదింటినైనను కాగితముపై అచ్చు వేయింపుడు. పెండ్లికి రాలేనివారికి ముందుగా ఒక ప్రతి పంపుడు. అసలు పటమును ఎండ తగులని పొడిచోట నుంచి, నకలునే గోడకు తగిలింపుడు.

రజతోత్సవపు మూడు దినములు గ్రంథాలయపు వసారాలో స్తంభమునుండి స్తంభమునకు పురికొస కట్టి, మన ఊరి పెండ్లి పటముల నకళ్లను సంవత్సరముల వరుసను క్లిప్పులతో వ్రేలాడదీయ దలచితిమి. ప్రతి పటము క్రింద తెల్లకాగిత ముండును. గుర్తెఱిగినవారు పేరు వ్రాయవచ్చును. అయితే కొన్ని పెండ్లిండ్లను తలచుకొనుట కొందఱికి కష్టము. ఇంటి ఆడువారు, ముఖ్యముగా పటములోని వధువు, సమ్మతించినప్పుడే తెండు. వద్దన్నచో కారణ మడుగము.

ఎనుబదియేండ్లు దాటిన పెద్దలు మన ఊర నేటికిని కొందఱున్నారు. ఆ ముఖములకు పేర్లు చెప్పగలవారు వారే. వారిని కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. ప్రక్కన నేను పుస్తకము పట్టుకొని కూర్చుందును. ఇన్నాళ్లు పొలముల హద్దులు వ్రాసిన చేతితో ఇక మనుష్యుల పేర్లు వ్రాసెదను. నా వ్రాతలోని దోషములను పెద్దలు మన్నింతురు గాక.