మన కెమేరా, వాళ్ళ చేతిలో రిమోటు

మొన్న అమెరికా టీముతో కాల్‌లో ఉండగా మా మీటింగ్ రూములో కెమేరా దానంతటదే కుడివైపుకి తిరిగి, వైట్ బోర్డు మీద ఆగింది. మేమెవ్వరం రిమోటు ముట్టుకోలేదు. బోర్డు మీద రెండో లైను కనబడక, అవతలాయన అక్కణ్ణుంచే తిప్పుకున్నాడట. తప్పేం లేదు, పని జరిగింది. కానీ మనింట్లో ఫ్యాను స్విచ్చి పక్కింటివాళ్ళు వేసినట్టు అనిపించింది. ఆ రాత్రి కూర్చుని ఈ సదుపాయం చరిత్ర తవ్వాను.

దీని పేరు ఫార్ ఎండ్ కెమేరా కంట్రోల్. 1994లో ఐటీయూ దీనికి హెచ్.281 అనే ప్రమాణం తెచ్చింది. అప్పట్లో వీడియో కాన్ఫరెన్సు అంటే ఐఎస్‌డీఎన్ ఫోను లైన్లు, ఒక్కో చానెల్‌కీ 64 కిలోబిట్లు. ఆ మసక బొమ్మలో టేబులు మొత్తం చూపిస్తే ఎవరి మొహమూ తెలీదు. తనకేం కావాలో చూసేవాడికే తెలుసు కాబట్టి, తిప్పే పని కూడా వాడికే ఇచ్చేశారు. సబబైన ఆలోచనే.

నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఈ సందేశాలు ఒకవైపుకే పోతాయి, 'అందింది' అని జవాబు రాదు. మరి 'తిరుగు' అన్న సందేశం చేరి, 'ఆగు' అన్నది దారిలో పోతే? కెమేరా గోడ వైపు తిరుగుతూనే ఉంటుంది. అందుకని ప్రతి 'తిరుగు'తో పాటు ఒక గడువు పెట్టారు, గరిష్ఠంగా 800 మిల్లీసెకన్లు. ఆలోపు 'ఇంకా తిరుగు' అని మళ్ళీ చెప్పకపోతే కెమేరా తనే ఆగిపోతుంది. ముప్పై ఏళ్ళ కిందటి డిజైను, ఇవాళ కోడ్ రివ్యూకి వచ్చినా వంక పెట్టలేం.

అంత ఆలోచించినవాళ్ళు ఆ సందేశాల్లో ఒకటి పెట్టలేదు: "తిప్పొచ్చా?" అనేది. మన పరికరం "నా కెమేరా తిరగగలదు, జూమ్ కాగలదు" అని ముందే చెప్పుకుంటుంది. అలా చెప్పడమే అనుమతి ఇచ్చినట్టు. గదిలో కూర్చున్న మనిషిని అడిగే ఏర్పాటు లేదు. వద్దనుకుంటే సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపుకోవాలి.

ఐఎస్‌డీఎన్ రోజుల్లో ఇది పెద్ద లోపం కాదు. కాల్ ఖరీదు, నంబరు తెలిసినవాళ్ళే చేసేవాళ్ళు. అంటే భద్రత ప్రొటోకాల్‌లో లేదు, ఫోను బిల్లులో ఉంది! తర్వాత వీడియో ఐపీ మీదకి మారింది. 2001లో హెచ్.323కి ఒక అనుబంధం చేర్చి ఇదే కెమేరా కంట్రోల్‌ని ఇంటర్నెట్‌కి తెచ్చారు. అనుమతి అలాగే వచ్చింది, కాపలా కాసిన లైను మాత్రం వెనకే ఉండిపోయింది.

ఫలితం 2012 జనవరిలో బయటపడింది. రాపిడ్7 సంస్థకి చెందిన హెచ్.డి.మూర్ ఇంటర్నెట్‌లో సుమారు 3 శాతం అడ్రసులు స్కాన్ చేస్తే, కాల్ రాగానే దానంతటదే ఎత్తే కాన్ఫరెన్సు రూములు దాదాపు 5,000 దొరికాయి. లాయర్ల ఆఫీసులు, మందుల కంపెనీలు, యూనివర్సిటీలు. ఆయన ఏ పాస్‌వర్డూ పగలగొట్టలేదు. ఫోన్ చేశాడు, అది ఎత్తింది, కెమేరా తిప్పుకున్నాడు. దూరంగా కాగితం మీద రాసిన అక్షరాలు కూడా జూమ్‌లో చదవగలిగాడు. ఫైర్‌వాల్‌తో తంటాలెందుకని పరికరాన్ని బయటే పెట్టడం, ఆటో ఆన్సర్ ఆన్‌లో వదిలెయ్యడం, ఈ రెండిటికీ 1994 నాటి మర్యాద తోడైంది.

ఇప్పుడు జూమ్ లాంటి వాటిలో కెమేరా తిప్పాలంటే ముందు అభ్యర్థన పంపాలి, అవతలివాళ్ళు ఒప్పుకోవాలి. ఒక్క డైలాగ్ బాక్సు! మనం దాన్ని విసుక్కుంటూ నొక్కేస్తాం గానీ, అది ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి.

నేననేది ఇంతే. మనం కూడా రోజూ ఏపీఐలు రాస్తుంటాం. 'చెయ్యగలదు' అన్నదాన్ని 'చెయ్యొచ్చు' అని రాసేస్తుంటాం, ఎందుకంటే ఇవాళ్టికి పిలిచేవాళ్ళందరూ మనవాళ్ళే. కోడు మాత్రం మనకంటే, మన నెట్‌వర్కు కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

రేపు ఆఫీసుకెళ్ళాక మీ మీటింగ్ రూములో ఆటో ఆన్సర్ ఆన్‌లో ఉందేమో ఓసారి చూడండి. మా రూములో ఉంది. ఆపేసి వచ్చాను.