చదరంగపు గడుల లెక్క – పావులూరి మల్లన పద్యం

మన సంఘంలో జీవితమంతా అంకెలతో గడిపిన మిత్రులు చాలామంది ఉన్నారు. వారికి నచ్చుతుందని ఈ పాత లెక్కను ముందుంచుతున్నాను.

వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర మేముండే రోజుల్లో మా నాన్నగారు ఒక బియ్యం కొట్లో గుమస్తా. రాత్రి చిట్టా మూసి మాచేత ఒక పద్యం వల్లె వేయించేవారు. అది పావులూరి మల్లనది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన 'గణితసారసంగ్రహా'న్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడాయన. ఆయనది 11వ శతాబ్దమని కొందరు, 12వ శతాబ్దమని కొందరు అంటారు.

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడులూ రెట్టిస్తూ పోతే మొత్తమెంత? ఆ జవాబే పద్యంలో ఉంది. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే వచ్చే సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు!

వెయ్యి గింజలు 25 గ్రాములనుకుంటే ఇది సుమారు 46,000 కోట్ల టన్నుల బియ్యం. నేటి ప్రపంచపు పంటతో దీన్ని సమకూర్చాలంటే ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళు పడుతుంది.

రిటైరయ్యాక ఒకనాడు నాన్నగారి మాట సరిచూద్దామని కూర్చున్నాను. నా కాలిక్యులేటరు పది అంకెలు దాటితే చేతులెత్తేసింది. చేత్తోనే రెట్టించాను. 64వ గడిని రెట్టించి ఒకటి తీసేస్తే మొత్తం రావాలి. వచ్చింది, కానీ పద్యంతో కలవలేదు. పద్యంలోనే తప్పుందేమో అనుకున్నాను, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అప్పుడొక ఉపాయం తట్టింది. పక్కపక్క గడులు రెండేసి కలిపితే 3, 12, 48... అన్నీ మూడుతో భాగింపబడేవే. కాబట్టి మొత్తం కూడా మూడుతో పోవాలి. మల్లన సంఖ్యలోని అంకెలు కూడితే 87, మూడుతో పోయింది. నాది పోలేదు! వెతికితే 42వ గడి దగ్గర చేతిలో ఉన్న ఒకటి కలపడం మరిచాను. మల్లన గెలిచాడు, నాన్నగారు గెలిచారు.

అలాగే ఒక వరుసలోని ఎనిమిది గడులు కలిపితే 255, అంటే 3, 5, 17ల లబ్ధం. కాబట్టి మొత్తాన్ని 5, 17 కూడా భాగిస్తాయి. ఇంకో కారణాంకం 641. ఇది బయటపడిన కథ వేరు. ఫెర్మా అనే ఫ్రెంచి పండితుడు 2ను 32సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే వచ్చే 429,49,67,297ను ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపాడు. ఆ సంఖ్య మన మొత్తంలో ఒక భాగం.

ఇదంతా చెబితే కంప్యూటర్ ఉద్యోగం చేసే మా మనవడు నవ్వాడు. "తాతయ్యా, మా కంప్యూటర్‌లో 64 గడులుంటాయి. అన్నిట్లో ఒకటి వేస్తే వచ్చే అతిపెద్ద సంఖ్య ఇదే" అన్నాడు.

గుమస్తా కొడుకుకు నేర్పిన పద్యం ఇప్పుడు మనవడు రాసుకున్నాడు. మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉంటే పిల్లలకు అప్పగించండి. అంకె తప్పు పోకుండా చూడండి.